వరస చివర భద్రం

ఆషాఢ శుద్ధ పంచమి

పంచాయతీ సభ్యులు రోజూ దినచర్య చెప్పాలన్నది మా తేలులంకలో కట్టుబాటు. మనం మాట్లాడుతుంటే ఇంటిగోడ రాసుకుంటుంది. పదవి దిగిపోయాక దాన్ని ఊరందరికీ వినిపిస్తారు. ఈ సంగతి తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ గోడతో మాట్లాడే ముందు జుట్టు దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చునేవాణ్ణి. గోడకి కళ్ళు లేవని మా పక్కింటివాళ్ళు చెప్పాక కూడా ఆ అలవాటు పోలేదు.

మునిగిపోయిన లంకల మీద పీపాలు కట్టి, పీపాల మీద ఇళ్ళు కట్టుకున్నప్పుడు పెద్దలు ఊరికి తేలే లంక అని పేరు పెట్టారు. పలకడానికి బద్ధకించి జనం తేలులంక చేశారు. వెతికినా ఊళ్ళో ఒక్క తేలు కనపడదు. ఉంటే గింటే ఆ ఒక్క తేలూ నేనే, కడలి భద్రమే అని నూతి గట్టున, అంటే ఉప్పునీళ్ళు మంచినీళ్ళయ్యే కుళాయి దగ్గర, ఆడవాళ్ళు అనుకుంటారట.

పొద్దున్న పాటు వచ్చి నీళ్ళు తీసినప్పుడు పీపాలకు పట్టిన గుల్లలు గీకాను. తర్వాత మైకులో మాట్లాడాను. ఎప్పుడూ చెప్పే విషయమే: బిళ్ళ మాట విందాం. ఊళ్ళో అందరికీ మెడ ఎముక కింద, చర్మం లోపల, చింతగింజంత బిళ్ళ ఉంటుంది. ఒంట్లో ఏది చెడబోతున్నా మనకంటే ముందు దానికి తెలుస్తుంది. జుయ్యిమంటుంది. అన్నప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి. మూడుసార్లు అన్నా వెళ్ళనివాడు ఆపరేషన్ వరసలో చివరికి పోతాడు. ఈ రూలు తెచ్చింది నేనే. అందుకే బిళ్ళ భద్రం అంటారు. పొగుడుతున్నారనే అనుకుంటున్నాను.

మైకు దిగేసరికి వలలు అల్లే నూకరత్నం నిలబడి ఉంది. కంట్లో పొర. చూపు సగం పోయింది. బిళ్ళ మూడుసార్లు అన్నా వెళ్ళలేదు కాబట్టి వరస చివరికి పోయింది. ఆ రోజుల్లో తల్లి మంచంలో ఉందనీ, ఒక్క పూటయినా వదిలి రావడానికి ఇంట్లో ఇంకెవరూ లేకపోయారనీ చెప్పింది. కారణాలు అందరికీ ఉంటాయమ్మా, కారణాలు వినడం మొదలుపెడితే రూలెందుకు అని నేను నిదానంగా వివరించాను. ఎంత బాగా వివరించానంటే, ఆమె వెళ్ళిపోయాక కూడా కాసేపు వివరిస్తూనే ఉన్నాను.

ఆషాఢ శుద్ధ దశమి

మైకు పాడయింది. మాట్లాడుతుండగా మధ్యలో జుయ్యిమని మోత వచ్చింది. కరెంటు పని చూసే సత్తిరాజుని పిలిచి విప్పించాను. అతను పొద్దంతా విప్పి, తుడిచి, బిగించి, ఇందులో ఏ లోపమూ లేదండి అన్నాడు. పనిమీద శ్రద్ధ తక్కువ ఈ కాలం వాళ్ళకి.

ఆషాఢ పౌర్ణమి

మొన్న గోడకి చెప్పింది అబద్ధం. మోత మైకుది కాదు, నాది.

ఇవాళ రెండోసారి జుయ్యిమంది. పోటు ఎక్కువగా ఉండి ఊరంతా ఊగుతోంది కాబట్టి ఆ కుదుపుకే జుయ్యిమందనుకుందామని చూశాను. అయితే పొద్దున్న విరేచనంలో నెత్తురు కనిపించింది. ఈమధ్య నాచుపచ్చడిలో మిరపకాయ ఎక్కువ వేసుకుంటున్నాను. మొలలై ఉంటాయి. మా నాన్నకీ ఉండేవి. దీనికి వైద్యం అక్కర్లేదు, పచ్చడి మానేస్తే చాలు.

ఆస్పత్రి మా అరుగు మీంచి కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక చెక్కవంతెన, అంతే. డాక్టరు ఎస్తేరు రాణి. ఆ పిల్లని పాలపళ్ళు ఊడిన వయసు నుంచీ ఎరుగుదును. ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి ఎక్కడ నెత్తురు పడుతోందో చెప్పి, పంచె వదులు చేసుకుని పక్కకి తిరిగి పడుకోవాలి. మర్నాడు మైకులో ఆరోగ్యం గురించి మాట్లాడాలి. రెండూ ఒకే మనిషి ఎలా చేస్తాడు?

సభ్యుడి హోదాలో తనిఖీకి వెళ్ళాను. దుప్పట్లు చూశాను, మందులబీరువా తాళం లాగి చూశాను. చివర్లో, మా స్నేహితుడొకడికి ఇలా ఉందమ్మా, పచ్చడి వల్లేనా అని అడిగాను. ఎస్తేరు రాణి చేతులు కడుక్కుంటూ వింది.

"మీ స్నేహితుణ్ణి రమ్మనండి," అంది.

"మొహమాటస్తుడమ్మా."

"మొహమాటానికి రూల్లో చోటు పెట్టమని అప్పుడు నేను అడిగేనండి. మీరే కుదరదన్నారు."

స్నేహితుడికి చెబుతానని బయటపడ్డాను. వంతెన దాటుతుంటే చెమట పట్టింది. ఒక్క సిగ్గే కాదనుకుంటాను. మా ఆవిడ మంగతాయారు పోయాక ఆ గడప రోగిగా తొక్కలేదు నేను. తనిఖీకైతే వెళతాను. తనిఖీకి వెళ్ళినవాడు తిరిగి ఇంటికొస్తాడు.

ఆషాఢ బహుళ సప్తమి

మూడోది కూడా అయిపోయింది.

ఆలోచించుకుందామని వారం రోజులు వాయిదా వేశాను, బిళ్ళ ఆలోచించుకోలేదు. ఆస్పత్రి గోడమీద వరసలో ఉన్నవాళ్ళ పేర్లు వెలుగుతుంటాయి. ఆ పలకని అందరికీ కనిపించేటట్టు రేవు వైపు పెట్టించింది నేనే. చూసి బుద్ధి తెచ్చుకుంటారని. పొద్దున్న పడవలు బయల్దేరే వేళకి అన్నిటికంటే కింద, కొత్తగా, కడలి భద్రం అని వెలిగింది.

ఊరు నాతో ఎంత మర్యాదగా ఉందో చెప్పాలి. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి వాళ్ళు పడ్డ కష్టం నాకు కనిపించింది. ఒకాయన మజ్జిగ తెచ్చిచ్చాడు. ఒకావిడ, బిళ్ళ మాట వినాలి కదండీ అన్నగారూ అని, నా గొంతుతోనే, నేను మైకులో ఆగే చోటే ఆగి, మెల్లగా చెప్పి వెళ్ళింది. మైకులో ఇవాళ పోటు పాట్ల వేళలు మాత్రం చదివి దిగిపోయాను.

ఆషాఢ అమావాస్య

పరీక్షలయ్యాయి. పంచె వదులు చేసుకోవడం నేననుకున్నంత ఘోరంగా ఏం లేదు. ఎస్తేరు రాణి ఆ పనిని వల చిక్కు తీస్తున్నట్టు చేసింది. ఆ తర్వాత చెప్పినదే ఘోరం. మొలలు కావు. పెద్దపేగులో గడ్డ. చెడ్డ రకం. ఇంకా పేగు గోడ దాటలేదు కాబట్టి కోసి తీసేస్తే బతుకుతాను. దాటితే ఆమె మాటివ్వలేనంది.

కోసేది కోతమర. డాక్టరు పక్కన నిలబడితే అదే కోస్తుంది, అదే కుడుతుంది. దాని ఆకలి మాత్రం మహా చెడ్డది. ఒక్క పెద్ద ఆపరేషన్‌కి ఊరి బ్యాటరీలన్నీ అడుగంటుతాయి. ఎండ కాస్తేగాని మళ్ళీ నిండవు. ఇప్పుడేమో ముసురు. వరస చివరివాడి వంతు దసరా దాటాక వస్తుందని ఆమె అంచనా.

"అప్పటిదాకా ఆగుతుందా?" అన్నాను.

"ఆగుతుందో ఆగదో దాన్నే అడగాలండి," అంది. పరీక్ష కాగితాలు మడుస్తూ, "నా చేతిలో ఉంటే ఈ వారమే కోసేదాన్ని," అంది.

ఇక్కడొక విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. చావు గురించి వినగానే మనిషికి దేవుడు గుర్తొస్తాడంటారు. నాకు నా రూలు గుర్తొచ్చింది. ఇంటికి పరిగెత్తి దాన్ని తెరిచి, ఎక్కడైనా సందుందేమోనని వెతికాను. డాక్టరు ఇష్టంతో ముందుకు జరపవచ్చా? కుదరదు. పరపతి ఉన్నవాళ్ళు డాక్టరు మీద ఒత్తిడి తెస్తారని అప్పట్లో ఆ సందు మూశాను. ఇంకొకరు తమ వంతు ఇవ్వవచ్చా? కుదరదు. పేదవాళ్ళ దగ్గర లాక్కుంటారని అదీ మూశాను. పంచాయతీ క్షమించవచ్చా? అదీ లేదు. సభ్యులకు మినహాయింపు ఏమైనా? 'సభ్యులకు అసలే లేదు' అని ఉంది. ఆ ముక్క చదివినప్పుడు సభలో చప్పట్లు చాలాసేపు మోగాయి. నేను లేచి దణ్ణం కూడా పెట్టాను.

జన్మలో నేను ఇంత పకడ్బందీగా చేసిన పని ఇంకోటి లేదు. పీపాలు కూడా ఇంత బాగా బిగించి ఉండను.

శ్రావణ శుద్ధ చవితి

వరసలో ఉన్నవాళ్ళు వారానికోసారి నెత్తురు పరీక్షకి రావాలి. వరస క్రమంలోనే బెంచీల మీద కూర్చోవాలి. చివరి బెంచీ మరుగుదొడ్డి పక్కన ఉంటుంది. ఇన్నాళ్ళూ తనిఖీల్లో దుప్పట్లు చూశాను గాని ఆ బెంచీ మీద ఎవరుంటారో చూడలేదు. మొండివాళ్ళుంటారని నాకు తెలుసు గదా, ఇంకా చూడ్డమెందుకు?

ఒకడు లోతునీళ్ళలో మునిగి ఇనుము ఏరే మనిషి. గుండె తడబడుతోందని బిళ్ళ చెప్పింది. ఆ సంగతి బయటపడితే పడవ ఎక్కనివ్వరని తడిగుడ్డ కట్టి మోత అణిచాడట. ఇంకొకామె నిండు చూలాలు. జుయ్యిమంటే కడుపులో బిడ్డ కదులుతోందనుకుంది గాని బిళ్ళ మోత అనుకోలేదు. తడిగుడ్డ ఉపాయం ఊళ్ళో చాలామందికి తెలుసట. నాకు తెలియదని తెలిసి వాళ్ళిద్దరూ జాలిపడ్డారు.

పక్కన నూకరత్నం. మొహం నావైపు తిప్పి, చెవితో చూస్తున్నట్టు కూర్చుంది.

"బాబాయిగారాండి?" అంది. "మైకు లేకపోయినా మీ దగ్గు తెలుస్తందండి."

అవునన్నాను. ఆమె జరిగి చోటిచ్చింది. వలలు ఎలా అల్లుతున్నావమ్మా అని అడిగాను. వేళ్ళతో తడిమి అల్లుతోందట. కన్ను పట్టక వదిలేసిన ముళ్ళు తోటివాళ్ళు సాయంత్రం సరిచేసి పెడుతున్నారట. తల్లి ఎలా ఉందని అడిగాను. తల్లి పోయిన వేసంగిలోనే పోయిందని చెప్పింది. ఆ సంగతి నేను మైకులో చదివాను కూడా. ఊళ్ళో చావులన్నీ నేనే చదువుతాను. పేరు చదివాను గాని అది ఎవరి తల్లో ఆలోచించలేదు.

సూది గుచ్చే అమ్మాయి పిలిచేదాకా ఇద్దరం మరుగుదొడ్డి తలుపు వంక చూస్తూ కూర్చున్నాం. అంటే నేను చూశాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి

ఇవాళ ముత్యాలు మా ఇంటికొచ్చాడు. ఈ పేరు గోడకి ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు.

మంగతాయారుకి పేగు పగిలిన రోజున కోతమర మీద ముత్యాలు ఉన్నాడు. నాచుసారా తాగి తాగి కాలేయం చెడి, నెత్తురు కక్కుకుంటే తెచ్చి పడుకోబెట్టారు. బిళ్ళ ఎన్నిసార్లు చెప్పినా వినలేదని అతని ఆడవాళ్ళే ఏడుస్తూ చెప్పారు. అతని పని అయ్యేసరికి బ్యాటరీలు అయిపోయాయి. వానరోజు. మా ఆవిడ గది బయట నా ఒళ్ళో తలపెట్టుకుని, ఇంకా ఎంతసేపండీ అని రెండుమూడుసార్లు అడిగింది. తర్వాత అడగలేదు. ఒక్కరోజు కూడా బిళ్ళ మాట జవదాటని మనిషి.

ఆ తర్వాతే నేను పంచాయతీకి నిలబడ్డాను, ఆ రూలు రాశాను. సభలో లెక్కలు, న్యాయాలు చాలా చెప్పాను. నిజానికి ఆ రూలు మొత్తం ఒక్క మనిషి మొహం చూస్తూ రాశాను. ఆ మనిషి బతికాడు. నేను అతనితో మాట్లాడడం మానేశాను. ఇంత చిన్న ఊళ్ళో, పీపా పక్క పీపాలో ఉంటూ మాట్లాడకుండా ఉండాలంటే ఎంత ఓపిక కావాలో నన్నడగండి.

ముత్యాలు గడప బయటే నిలబడ్డాడు. ఇప్పుడు తాగడు. బిళ్ళ జుయ్యిమంటే చాలు తింటున్న అన్నం వదిలి ఆస్పత్రికి పోతాడు. వరసలో ఉన్నవాళ్ళలో అతనికంటే మంచి నడవడి ఎవరికీ లేదు. గజ్జలోకి పేగు దిగిందని, రెండోవాడిగా ఉన్నాడు.

"నా వంతు మీరు తీసుకోండి," అన్నాడు. "నాది ఆగుద్దంట. డాక్టరమ్మ చెప్పింది."

రూలు ఒప్పుకోదన్నాను. సందులన్నీ మూసిన సంగతి చెప్పాను. చెబుతుంటే కాస్త గొప్పగానే ఉంది, ఏం చేయను. పౌర్ణమి నాటి సభలో రూలే తీసేయమని అడగబోతున్నానని కూడా చెప్పాను. వంతు ఎవరిదన్నది నడవడిని బట్టి కాక, జబ్బు తీవ్రతని బట్టి డాక్టరే తేల్చాలని. అతను సంతోషిస్తాడనుకున్నాను.

అతని మొహం మాడిపోయింది.

"తీసెయ్యకండి," అన్నాడు. "నన్ను మర బతికించింది ఒక్కసారేనండి. ఆ తర్వాత రోజూ బతికిస్తంది మీ రూలు. చివరికి నెట్టేస్తారన్న భయం లేకపోతే ఆ సీసా కాడికి మళ్ళీ పోయేవోణ్ణి. అది తీసేత్తే నాలాంటోడి గతేంటండి?"

అతను అలాగే నిలబడి, మంగతాయారు గురించి చెప్పాడు. ఆ రోజు అతనికి ఏమీ తెలియదు. లేచాక ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక ఆ ఆస్పత్రి మంచం మీద పడుకోవడానికి ఒళ్ళు ఒప్పుకోక, కుట్లతోనే దిగి నేలమీద పడుకున్నాడట. నాతో చెప్పాలని ఎన్నోసార్లు వంతెన దాకా వచ్చాడట. నేను గుల్లలు గీకుతూ వీపు తిప్పుకునేవాణ్ణట, ఆ వీపు చూసి అతను వెళ్ళిపోయేవాడట.

లోపలికి రమ్మన్నాను. మజ్జిగ ఇచ్చాను. రూలు విషయంలో మాత్రం ఇద్దరం ఒక్క మాట మీదికి రాలేదు. ఒకప్పుడు ఇతని మీద కోపంతో రాసిన రూలుని ఇప్పుడు ఇతనే కాపాడతానంటున్నాడు, నేనేమో పీకుతానంటున్నాను. చూసేవాళ్ళుంటే ఇద్దరికీ పిచ్చి అనుకునేవారు.

శ్రావణ పౌర్ణమి

సభ జరిగింది. పోటుకి చెక్కలు కిర్రుమంటుంటే జనం నిండిపోయారు. ఇంతమంది నా ఉపన్యాసాలకి ఎప్పుడూ రాలేదు.

రూలు తీసేయాలని చెప్పాను. చివరి బెంచీ మీద ఎవరున్నారో, ఎందుకున్నారో చెప్పాను. జబ్బు దాచుకోవడం ఎంత తేలికో నా మీదే పెట్టి చెప్పాను, మైకు విప్పించిన సంగతితో సహా. అక్కడ ఊరు ఇన్నాళ్ళూ ఆపుకున్న నవ్వంతా నవ్వింది. సత్తిరాజు అందరికంటే ఎక్కువ నవ్వాడు. అతనికి ఆ హక్కు ఉంది.

ఎస్తేరు రాణి క్లుప్తంగా మాట్లాడింది. రూలు వచ్చాక బిళ్ళ మాట వినేవాళ్ళు పెరిగిన మాట నిజమేనంది. విననివాళ్ళు మాత్రం ఇదివరకటి కంటే బాగా ముదిరాకే వస్తున్నారని, ఎలాగూ చివరికే గదా అని ఇంట్లోనే ఉండిపోతున్నారని చెప్పింది. ముత్యాలు లేచి, నాతో అన్న మాటలే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భయం వల్ల బాగుపడ్డ మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, భయం వల్ల పాడైన మనిషిని నేను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నిజమని చెప్పను?

అప్పుడు నూకరత్నం లేచింది. పక్కనున్నామె భుజం పట్టుకుని, మాటలొచ్చే వైపు తిరిగింది.

"మీ ఆవిడ పోయినప్పుడు మాకందరికీ ఓ రూలెట్టేరు," అంది. "ఇప్పుడు మీకు జబ్బు చేసింది, తీసెయ్యమంటన్నారు. తీసెయ్యండి, నేనూ చెయ్యెత్తుతాను. కాని బాబాయిగారూ, నాకు చూపు పోతే ఏ రూలూ రాలేదు, ఏ రూలూ పోలేదు. మా అమ్మ మంచంలో ఉందని మీ కాడికొచ్చి చెప్పేను. అప్పుడు కూడా మీకు చెవులున్నాయండి."

కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను, ఎందుకంటే కూర్చోవాలని తట్టలేదు.

తప్పు నాదేనన్నాను. ఇంకేదో కూడా అన్నాను గాని అదంతా ఉపన్యాసం ధోరణిలో పోయింది. చెయ్యి విరిగినా నాకు ఉపన్యాసం ఆగదు. అంతలో వెనక నుంచి ఎవరో, రూలు తీసేస్తే లాభం ముందు భద్రంగారికే గదా, ఆయనొక్కణ్ణి పాత రూలు కిందే ఉంచితే అందరికీ నమ్మకంగా ఉంటుంది అన్నారు. ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదని నేను పొద్దుట్నుంచీ కోరుకుంటున్నాను. అడిగితే చాలా హుందాగా ఒప్పేసుకోవాలని కూడా అనుకున్నాను. తీరా అడిగేసరికి హుందాతనం రాలేదు. బల్ల అంచు పట్టుకుని డాక్టరు వంక చూశాను.

ఎస్తేరు రాణి లేచింది. "ఆయన తప్పు చేసేడని ఆయన్ని చివర కూర్చోబెడితే అది పాత రూలే కదండీ," అంది. "ఎవరికి తగునో, ఎవరికి తగదో చూడ్డం మానేద్దామనే కదా ఇంతమందిమి వచ్చేం. తగని మనిషితోనే మొదలెడదాం."

నన్ను ఇంత బాగా వెనకేసుకొచ్చినవాళ్ళు లేరు, ఇంత బాగా తిట్టినవాళ్ళూ లేరు. చేతులెత్తారు. కొద్దిలో నెగ్గింది. ముత్యాలు ఎత్తలేదు. సభ అయ్యాక మాత్రం నా చెయ్యి పట్టుకుని చెక్కమెట్లు దింపాడు.

శ్రావణ బహుళ ద్వాదశి

ముక్కులో గొట్టంతో ఆస్పత్రి గోడకి చెబుతున్నాను. ఇది మా ఇంటిగోడంత ఓపికైనది కాదు, గొణిగితే రాసుకోదు.

గడ్డ తీసేశారు. మరకి కనిపించినంత మేర ఇంకేమీ మిగల్లేదట. పొట్టకి ఒక సంచీ కట్టారు, కొన్నాళ్ళు ఉంటుంది. దాని మోతకి వేళాపాళా లేదు. మైకు ముందు కూర్చున్నప్పుడు అది పలికితే ఏ సత్తిరాజునీ పిలవనని ఎస్తేరు రాణికి మాటిచ్చాను. నూకరత్నానికి నాకంటే ముందే కన్ను బాగుచేశారు. దానికి చిన్న మర చాలట, మిగిలిన కాస్త కరెంటుతో అయిపోయింది. పాత రూల్లో అయితే వరస తప్పి మధ్యలో పిలవడానికి వీల్లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆగింది. నిన్న వచ్చి నన్ను చూసి, మీరు మరీ ఇంత నల్లగా ఉంటారనుకోలేదండి అంది. ముత్యాలు వంతు వెనక్కి పోయింది. రోజూ వస్తాడు, ఆ సంగతి ఎత్తడు. వస్తూ పోతూ బిళ్ళ మీద చెయ్యి వేసుకుని చూసుకుంటుంటాడు. అతని గురించి నాకు దిగులుగానే ఉంది.

చెప్పదలుచుకున్నది నా ఆపరేషన్ గురించి కాదు. దానికి ముందు రోజుల గురించి.

ముసురు తెరిపిచ్చి ఎండ కాసింది. బ్యాటరీలు నిండాయి. నన్ను కడిగి, పచ్చగుడ్డ కట్టి, కోతగది బయట మంచం మీద పడుకోబెట్టారు. మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది గాని ఇవాళ్టికి చాలంది డాక్టరు. అప్పుడు రేవులో ఒక పరాయి పడవ ఆగింది. ఎగువ నుంచి ఎక్కడో. మా ఊరివాళ్ళు కారు, ఒంట్లో ఏ బిళ్ళా లేదు. అందులో ఒక పిల్ల నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఎప్పట్నుంచి పడుతోందో, అరిచే ఓపిక కూడా అయిపోయింది. నలుగురు మోసుకుంటూ నా మంచం పక్కనుంచే లోపలికి తీసుకుపోయారు. ఎస్తేరు రాణి నా వంక చూడలేదు. అడగాల్సిన పని లేదు. అడగక్కర్లేదని చేతులెత్తి తేల్చింది మేమే.

ఆ మంచం మీద నేనేం చేశానో చెబుతాను. కొత్త రూలు రాశాను. నోటితో కాదు, లోపల. ఊరి బ్యాటరీలు ఊరివాళ్ళకే. పీపాలకు గుల్లలు గీకనివాళ్ళకు మర లేదు. బిళ్ళ లేనివాళ్ళ మాట తర్వాత. ఎంత చకచకా వచ్చిందంటే, సందులు కూడా మూసేస్తున్నాను. మబ్బు పట్టేసింది, ఈ కరెంటు పోతే మళ్ళీ ఎండ ఎప్పుడో, నా పేగులో గోడ ఎంత మందమో. మంగతాయారు గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే మెత్తబడతాననుకునేవాణ్ణి. ఇంకా మండిపోయాను. ఏళ్ళకేళ్ళు మోసిన కోపం సభలో చెయ్యెత్తినంత మాత్రాన పోతుందని ఎలా అనుకున్నానో.

ఆ పిల్ల తల్లి కాబోలు, గది బయట నిలబడిపోయింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చేతిలో ఏదో మూట, దాన్ని కింద పెట్టడం మర్చిపోయింది. నన్నూ, నా పచ్చగుడ్డనీ, మంచాన్నీ చూసింది. అర్థమైనట్టుంది. దగ్గరికొచ్చి వంగింది.

"ఇయ్యాల మీ వంతాండి ఇది?" అని అడిగింది.

అవును అనడానికి నోరు తెరిచాను. నిజమే గదా, అబద్ధమేమీ కాదు. ఆవిడ కళ్ళలోకి చూశాను. అక్కడ నన్ను బతిమాలుతున్నదేమీ లేదు. జవాబు ఏదైనా పడడానికి సిద్ధంగా ఉన్న మనిషి మొహం. ఇదే తలుపు బయట ఒకప్పుడు నాదీ అదే మొహం.

"కాదమ్మా," అన్నాను. "మీ అమ్మాయిదే. ఆ మూట దించి ఇలా కూర్చోండి."

కాళ్ళు కాస్త ముడుచుకున్నాను. ఆవిడ మంచం చివర కూర్చుంది. లోపల మర మోత మొదలైంది. సాయంత్రం ఆడపిల్ల ఏడుపు వినిపించేదాకా ఇద్దరం తలుపు వంకే చూస్తూ ఉన్నాం. ఆ తర్వాత ఎండ రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను ఆ బిడ్డని ఎత్తుకున్నాను, రెండుమూడుసార్లు దాన్నే మనసులో తిట్టుకున్నాను కూడా.